ఒక్క మనిషి బండి

మా పక్క షాపు అద్దాలాయనకి మాట తక్కువ, కోపం ఎక్కువ. నాకు రెండూ ఎక్కువే. పంతొమ్మిదేళ్లుగా ఒకే గోడకి అటూ ఇటూ బతుకుతున్నా మేమింకా జుట్లు పట్టుకోలేదంటే అది నా మంచితనమేనని అందరికీ చెబుతుంటాను. అతను చెప్పడు. చెప్పాలంటే నోరు విప్పాలి కదా!

నాది ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు. అతనిది అద్దాలు కోసి కిటికీలకీ తలుపులకీ బిగించే షాపు. నన్ను వదినా అంటాడు. అతని బావ, అంటే వాళ్ల అక్క భర్త, మొదటిరోజే నన్ను చెల్లెమ్మా అని పిలిచాడు. ఆ లెక్కన ఇతనికి వదిననయ్యాను. పైసా ఖర్చు లేకుండా కుదిరిన చుట్టరికం మాది.

ఇతని గురించి చెప్పాలంటే ముందు బావ గురించి చెప్పాలి. ఇద్దరూ కలిసి ఇరవై రెండేళ్లు పని చేశారు. పెద్ద అద్దాన్ని బండిలో పడుకోబెట్టి తీసుకెళ్తే పగులుతుంది, నిలబెట్టాలి. నిలబెడితే పట్టుకోవడానికి మనిషి కావాలి. ఇతను పికప్ నడిపేవాడు. బావ వెనక తొట్టిలో నిలబడి, పాత బొంతల మధ్య అద్దాన్ని ఒంటికి ఆనించుకుని పట్టుకునేవాడు. గుంట కనిపిస్తే క్యాబిన్ పైకప్పు మీద ఒకసారి కొట్టేవాడు, నెమ్మది అని. రెండుసార్లు కొడితే ఆపమని. గబగబా మూడు కొడితే పోనిమ్మని. ఇతను రోడ్డుని చూసి బండి నడిపిన మనిషి కాదు, నెత్తిమీద చప్పుడు విని నడిపిన మనిషి. ఆ బండి మా వీధి దాటేలోపు నేను చిన్న ఫ్రేము ఒకటి కట్టి పక్కన పెట్టేదాన్ని.

అక్కా బావా కింద వాటాలో, ఇతను పై గదిలో ఉండేవారు. నిద్ర పైన, తిండి కింద. పెళ్లెందుకు చేసుకోలేదయ్యా అని ఒకసారి అడిగేశాను, నా నోరు ఊరుకోదుగా. చాలాసేపు ఆలోచించి, "ఆర్డర్లు ఎక్కువగా ఉండేవి వదినా" అన్నాడు. ఏం జవాబది?

పోయిన ఏడాది బావ చేతిలోంచి ఒక అద్దం జారింది. నెల తిరక్కుండా ఇంకొకటి జారింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. ఆరోజు బావ తొట్టిలోంచి దిగి, బొంతలు మడిచి షాపులో ఓ మూల పెట్టి, భుజం పట్టేసింది, కొన్నాళ్లు విశ్రాంతి కావాలి అన్నాడు. వారం తిరిగేసరికి అక్కని తీసుకుని వేరే ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లాడు. అక్కడ కూతురి పుస్తకాల షాపులో కూర్చుంటున్నాడట. ఆరు నెలలన్నారు. పద్నాలుగు నెలలైంది.

ఈ పద్నాలుగు నెలల్లో ఇతను చిన్నచిన్న అద్దాలే కోశాడు. స్నానాల గదుల అద్దాలు, నా ఫ్రేముల అద్దాలు. పెద్ద ఆర్డరు వస్తే, మా బావ వచ్చాక చేస్తానండీ అని పంపించేసేవాడు. కూలికి ముగ్గురు మనుషుల్ని పెట్టి చూశాడు. ఒక్కడూ వారం నిలవలేదు. పైకప్పు మీద కొట్టడం చేతకాదట వాళ్లకి! అన్నం తిన్నావా అని అడిగితే తిన్నానంటాడు. ఏం తిన్నావంటే ఆలోచిస్తాడు. సాయంత్రం షాపు మూసే ముందు నా గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు. ఏమయ్యా అంటే, ఏం లేదు వదినా అంటాడు. కాసేపు నిలబడి వెళ్లిపోతాడు. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత్తర్వాత ఒక స్టూలు వేసి ఉంచాను.

బావ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. చేసినప్పుడల్లా ఒకటే పాట. "పక్కన ఇనప చట్రం బిగించిన కొత్త పికప్‌లు వచ్చాయట్రా. అద్దం చట్రంలో పెట్టి బెల్టు బిగిస్తే చాలు, ఒక్కడివే చేసుకోవచ్చు. కొనుక్కో." ఇతనిదీ ఒకటే జవాబు. "చూద్దాం బావా."

అలా చూసి చూసి చివరికి మొన్న మంగళవారం పొద్దున్నే నా షాపు తలుపు తీయకముందే వచ్చి నిలబడ్డాడు. తలకి నూనె రాసి దువ్వుకున్నాడు. ఎవరికేమైందో అనుకున్నాను.

"వదినా, పదకొండింటికి షోరూం వాళ్లు కొత్త బండి తెస్తున్నారు. టెస్ట్ డ్రైవ్. మీరూ రండి."

"నాకేం తెలుసయ్యా బండ్ల గురించి? చక్రాలు నాలుగో కాదో చూసి చెప్పగలను, అంతే."

"ఏం తెలియక్కర్లేదు. పక్కన కూర్చోండి చాలు."

కాదనడానికి నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడమంటే మాటలా!

"పెద్ద అద్దం వేసుకుని వెళ్తున్నా" అన్నాడు. "ఆరడుగులది. పగిలిందనుకోండి, బండి కొనను. బావని వచ్చెయ్యమంటా. అక్కకి చెప్పేశా పొద్దున్నే."

"పగలకపోతే?"

"కొనాలిగా."

"మరి కొనుక్కో. దానికి మొహం అలా పెడతావేం?"

"బండి కొంటే ఇక బావ ఎందుకొస్తాడు వదినా? అవసరం ఉండదుగా" అన్నాడు.

నేను తాళం చెవి కోసం సంచీలో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. తాళం చెవి నా చేతిలోనే ఉంది.

పదకొండింటికి బండి వచ్చింది. తెల్లగా, ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని సీట్లతో. తెచ్చిన షోరూమాయనకి యాభై దాటి ఉంటాయి, జుట్టుకి రంగు, మాట మాటకీ ఒక దగ్గు. "మేడం గారికి కూడా సీటు చాలా సౌకర్యంగా ఉంటుంది సార్" అన్నాడు. "నేను ఈయన మేడంని కాను, పక్క షాపుని" అన్నాను. పాపం, మళ్లీ చాలాసేపు దగ్గాడు.

అద్దాలాయన లోపలికి వెళ్లి ఆరడుగుల అద్దాన్ని తోలు పట్టీతో ఒక్కడే మోసుకొచ్చాడు. చట్రం అడుగున ఉన్న రబ్బరు గాడిలో దాన్ని నిలబెట్టి, రెండు బెల్టులు లాగి బిగించాడు. ఇద్దరు మనుషులకి అరగంట పట్టే పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. షోరూమాయన మురిసిపోయాడు. ఇతను మాత్రం ఇంకేమైనా మిగిలిందేమోనని చట్రం చుట్టూ తిరిగి చూశాడు. ఏమీ మిగల్లేదు.

ముగ్గురం ముందు సీట్లోనే కూర్చున్నాం. అతను స్టీరింగ్ దగ్గర, షోరూమాయన మధ్యలో, నేను కిటికీ పక్కన. బండి కదిలింది. కదిలిందని షోరూమాయన చెబితే తెలిసింది.

"సార్, గేరు మార్చొచ్చు సార్" అన్నాడు కాసేపటికి.

మార్చలేదు. పక్కనుంచి చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన మమ్మల్ని దాటి వెళ్లి, వెనక్కి తిరిగి చూశాడు. బండి ఎంత బరువు మోస్తుందో, లీటరుకి ఎంత దూరం పోతుందో షోరూమాయన చెబుతూనే ఉన్నాడు. అద్దాలాయన అవేవీ వినడం లేదు. మెడ కొద్దిగా పైకెత్తి, పైకప్పుకేసి చెవి పెట్టి నడుపుతున్నాడు.

మలుపు తిరుగుతుంటే నెత్తిమీద చప్పుడైంది. టక్. టక్. రెండుసార్లు.

నడిరోడ్డు మీద బ్రేకు తొక్కేశాడు. నా తల ముందు అద్దానికి తగలబోయి తప్పింది. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. అతను అవేం పట్టించుకోకుండా తలుపు తీసుకుని దిగి, వెనక్కి పరిగెత్తాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. బెల్టు చివర ఊడి, దాని కొక్కెం ఊగి పైకప్పుకి కొట్టుకుంది, అంతే. అతను ఆ కొక్కేన్ని చూడటం లేదు. ఖాళీ తొట్టిలోకి చూస్తున్నాడు. పిచ్చి మనిషి, ఎవరుంటారని చూస్తున్నాడు? నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది. ఎవరి మీదని అడిగితే మాత్రం చెప్పలేను.

బెల్టు గట్టిగా కట్టి వచ్చి కూర్చున్నాడు. అక్కడి నుంచి ఆ మనిషి వేరు.

మంచి రోడ్డు వదిలేసి, పైపుల కోసం తవ్వి పూడ్చకుండా పోయిన వీధిలోకి తిప్పాడు. తిప్పి, మూడో గేరు వేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక గుంటలో పడి లేచేలోపు ఇంకో గుంట. షోరూమాయన ఒక చేత్తో డాష్‌బోర్డునీ ఇంకో చేత్తో నా భుజాన్నీ పట్టుకున్నాడు. "సార్, ఇది డెమో బండి సార్! సార్, మాకు పై ఆఫీసర్లున్నారు సార్!" అని ఒకటే గోల. వీధి చివర వెనక్కి తిప్పి, అదే వీధిలో మళ్లీ వచ్చాడు. తర్వాత రైలు గేటు మీదుగా పోనిచ్చాడు. పట్టాల మీద ఎగిరి పడ్డాం. పళ్లు టకటకమన్నాయి.

బండిని గట్టిగా పరీక్షిస్తున్నాడు కాబోలని మొదట అనుకున్నాను. రైలు గేటు దగ్గర నాకు అర్థమైంది. ఇరవై రెండేళ్లు అద్దం కోసం నత్తలా నడిచిన మనిషి ఇవాళ ఆ అద్దాన్ని పగలగొట్టడానికి నడుపుతున్నాడు.

ఆపవయ్యా అని ఒక్క మాట అనొచ్చు. అంటే ఆపేవాడు. నేను అనలేదు. ఎందుకు దాచాలి, నాకూ బావ రావాలనే ఉంది. ఈ ఊళ్లో నన్ను చెల్లెమ్మా అనే మనిషి ఇంకొకరు లేరు. సీటు అంచు పట్టుకుని, పగలవే, పగిలి చావవే అని నేను కూడా లోపల ఆ అద్దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

షాపు ముందు ఆగేసరికి షోరూమాయన మొహంలో రక్తం లేదు. అద్దాలాయన దిగి చట్రం దగ్గరికి వెళ్లాడు. నాలుగు మూలలూ బొటనవేలితో తడిమాడు. వంగి అంచు పొడుగునా చూశాడు. ఎండకి ఎదురుగా నిలబడి అడ్డంగా చూశాడు. మళ్లీ మొదటి మూలకి వచ్చి తడిమాడు.

గీత కూడా లేదు.

"చూశారా సార్!" అని షోరూమాయన చప్పట్లు కొట్టాడు. "ఇంతకంటే ఏం కావాలి సార్!"

అప్పుడే అద్దాలాయన ఫోన్ మోగింది. చేతులకి ఎప్పుడూ గాట్లే, అందుకని చెవి దగ్గర పట్టుకోడు, స్పీకర్లోనే మాట్లాడతాడు.

"ఏమైందిరా తమ్ముడూ?" అంది అక్క.

అతను అద్దం వంకే చూస్తూ, "పగిలిందక్కా" అన్నాడు.

షోరూమాయన నోరు తెరిచాడు. నేను అతని కాలు తొక్కాను.

"అయ్యో! ఏవండీ, పగిలిందట" అని అక్క అటు తిరిగి చెప్పడం వినిపించింది. తర్వాత బావ గొంతు వచ్చింది. "ఎక్కడ పగిలిందిరా?"

"కింద మూల. రైలు గేటు దగ్గర."

"తప్పెవరిది?"

"ఎవరి తప్పూ కాదు బావా. అక్కడ గుంట పెద్దది."

బావ చిన్నగా నవ్వాడు.

"ఇరవై రెండేళ్లలో అద్దం పగిలి నన్ను తిట్టని రోజు ఒక్కటుందిట్రా? నేను జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజు నువ్వొక్కడివే వెళ్లి పగలగొట్టుకొచ్చావు. వచ్చి నన్నే తిట్టావు. ఇవాళ నిజంగా పగిలుంటే ఈపాటికి నా చెవులు చిల్లులు పడేవి. పగల్లేదు కదూ?"

ఇతను ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "పగల్లేదు బావా. ఎంత తిప్పినా పగల్లేదు. ఈ బండి నాకొద్దు. నువ్వొచ్చెయ్."

"పగిలినా రాలేనురా."

"భుజం తగ్గాకే రా. నేను ఆగుతా."

"భుజం కాదు. భుజమైతే బాగుండేది. వేళ్లే పనిచెయ్యట్లేదు. పెన్ను పట్టవు, గ్లాసు పట్టవు. చొక్కా గుండీలు కూడా మీ అక్కే పెడుతోంది. ఇక రాదట ఈ చెయ్యి."

వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్లారు. షోరూమాయన నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు ఇతను.

"రెండో అద్దం జారిన రోజు నుంచే. చెప్తే నువ్వు పని మానేసి కూర్చుంటావని చెప్పలేదు."

అప్పుడు తిట్టాడు. అబ్బో, ఎంత తిట్టాడని! "నీకసలు బుద్ధుందా బావా? నోట్లో ఏం పెట్టుకున్నావు ఇన్నాళ్లూ? పద్నాలుగు నెలలు! రోజూ మీ వాటా ఊడుస్తున్నా నేనిక్కడ. మంచం దులుపుతున్నా, కుండీల్లో నీళ్లు పోస్తున్నా, ఏ రోజు దిగుతారోనని. నన్ను ఏమనుకున్నావు? పిచ్చివాణ్ణనుకున్నావా?" వీధి వీధంతా వినిపించింది. అవతల అక్క ఏడుస్తోంది. బావ మాత్రం ఊ, ఊ అంటూ విన్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు చివరికి.

"అయిపోయింది."

"ఇక బండి తీసుకో."

ఫోన్ జేబులో పెట్టుకుని, నా షాపులోకి వచ్చి, నా బల్ల మీదే కాగితాల మీద సంతకాలు పెట్టాడు. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాడు, ఒక్క ముక్క చదవలేదు. షోరూమాయన వెళ్లిపోయాక స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాడు. నేనూ ఏం మాట్లాడలేదు. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే మొదటిసారి.

లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"వదినా, కింద వాటా అద్దెకిచ్చేద్దామనుకుంటున్నా. ఎవరన్నా మంచివాళ్లు ఉంటే చెప్పండి."

చెబుతానన్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.