పద్నాలుగు బిళ్లలు, పదిహేనో మనిషి

2023 మే నెలనాటికి నేను దక్షిణ ఒంటారియోలోని ఒక రక్షిత అడవిలో ప్రధాన గైడుగా ఉన్నాను. ఆ ఉద్యోగంలో అది నా పదకొండో సీజను. అది మామూలు అడవి కాదు. మంచు కరగగానే నది పొంగి, జూన్ దాకా వెండి మేపుల్ చెట్లు నడుములోతు నీళ్లలో నిలబడి ఉంటాయి. ఆ కొమ్మల మీద నీలి కొంగలు గూళ్లు కడతాయి. వాటిని బెదరగొట్టకుండా తెడ్ల పడవల్లో మనుషులను తీసుకెళ్లి, చూపించి, వెనక్కి తేవడం మా పని. గూళ్ల కాలంలో రోజుకు ఒకే ట్రిప్పు, పద్నాలుగు మంది. పదిహేనో మనిషి ఎక్కితే ఆ రోజు ట్రిప్పు మొత్తం రద్దు.

నేను ఇంటర్ దాటి చదవలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఎగువ డ్యామ్ గేట్లు ఎన్ని గంటలకు తెరిస్తే మా దగ్గర నీళ్లు ఎప్పుడు ఎంత పెరుగుతాయో ఆరేళ్లపాటు నోటుబుక్కులో రాసుకుని ఒక పట్టిక తయారు చేశాను. ఆఫీసువాళ్లు కూడా దాన్నే నమ్మేవారు. మనుషుల లెక్కకూ నేనే ఒక పద్ధతి పెట్టాను. బయల్దేరే ముందు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరికీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తాను, తిరిగొచ్చాక బోర్డు మీద తగిలించాలి. లెక్కపెట్టేది ప్రధాన గైడు ఒక్కడే. ఇద్దరు లెక్కపెడితే గందరగోళమని వెనక పడవ నడిపే డేవ్‌కు స్పష్టంగా చెప్పి ఉంచాను.

ఆ శనివారం జాబితాలో కిచెనర్ నుంచి వచ్చిన పక్షి ప్రేమికులు ఆరుగురు, అందరూ అరవై దాటినవాళ్లు. మిగతా ఎనిమిది మంది బ్రాంప్టన్ నుంచి రెండు కార్లలో వచ్చిన, కాలేజీలో చదివే మన తెలుగు విద్యార్థులు. ఆ ఏడాది ఏ బస్సెక్కినా తెలుగు వినిపించేది. నా బ్యాడ్జి మీద పేరు చూసి ప్రవీణ్ అనే గుంటూరు కుర్రాడు, "అంకుల్, మీరు మనోళ్లా! అయితే మొసళ్లున్నాయో లేదో తెలుగులో చెప్పండి, ఇంగ్లీషులో భయం సరిగ్గా అర్థం కాదు" అన్నాడు. కరీంనగర్ అమ్మాయి సింధు, "నిన్ను చూస్తే మొసలే పారిపోతది, ఎక్కు" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వకుండా పదిహేనో మనిషి నిబంధన చదివి వినిపించాను.

పద్నాలుగు బిళ్లలు ఇచ్చాను. పెద్దవాళ్లు ఆరుగురు నా పడవలో ముందు బయల్దేరారు. విద్యార్థులు డేవ్ పడవలో వెనక వచ్చారు.

నాకు తెలియనిది ఇది. మౌనిక అనే అమ్మాయి సింధు రూమ్‌మేటు. ఆ ఉదయం వేర్‌హౌస్‌లో తన షిఫ్టు రద్దయితే చివరి నిమిషంలో కారెక్కింది. అప్పటికే బుకింగు నిండిపోయింది. నా పడవ మలుపు తిరిగాక ఆమె వాష్‌రూమ్ వైపు నుంచి వచ్చి, రేవులో తగిలించి ఉన్న నారింజ రంగు లైఫ్ జాకెట్ ఒకటి వేసుకుని డేవ్ పడవ ఎక్కింది. డేవ్ తొమ్మిది మందిని చూశాడు. నేను ఒకరిని ఇటు పంపి, ఐదుగురితో వెళ్లాననుకున్నాడు.

అడవి మధ్యలో స్తంభాల మీద కట్టిన చెక్క వేదిక ఉంది. దాని చివర పక్షులకు కనబడకుండా కూర్చునే చిన్న గది. అక్కడ గంటన్నర ఉన్నాం. ఆ రోజు డ్యామ్ గేట్లు రెండింటికి తెరుస్తారు, నీళ్లు నాలుగింటికి మమ్మల్ని చేరతాయి. అందుకని రెండున్నరకే అందరినీ వరుసగా నిలబెట్టి లెక్కపెట్టాను. పద్నాలుగు.

ఎదురుగాలి మొదలైంది. తెడ్ల బలం సరిపోవాలని మనుషులను మార్చాను. ఒక్కో పడవలో నలుగురు విద్యార్థులు, ముగ్గురు పెద్దవాళ్లు. ప్రవీణ్ నా పడవలోకి వచ్చాడు. సింధు డేవ్ పడవలో ఉండిపోయింది.

మూడున్నరకు రేవు చేరాం. బిళ్లలన్నీ బోర్డు ఎక్కాయి. సంతకం పెట్టి ట్రిప్పు ముగించాను. మూడూ యాభైకి పార్కింగ్‌లో నా కారు దగ్గరికి వెళ్తుంటే సింధు గొంతు వినిపించింది.

"మౌనిక మీ కార్ల ఉందా?"

"మీతో రాలేదా? వాష్‌రూమ్‌లో ఉందేమో చూడు."

"చూసిన. లేదు."

నన్ను చూసి ఇద్దరూ ఆగిపోయారు. ఏమైందని అడిగాను.

"ఏం లేదంకుల్, ఫ్రెండు... బయట వెయిట్ చేస్తుంది," అన్నాడు ప్రవీణ్.

ఆ అబద్ధానికి రెండు మూడు నిమిషాలు పోయాయి. సింధు ఏడుపు ఆపుకోలేక చెప్పేసింది. "అంకుల్, మేం ఎనిమిది మందిమి కాదు. తొమ్మిది. మీరు లెక్కవెడుతుంటే ఆ గదిల దాక్కోమన్నం. లెక్క అయినంక మిస్డ్ కాల్ ఇస్తే బయటికొస్తనన్నది."

"ఇచ్చారా?"

"ఇచ్చాను అంకుల్. వెళ్లలేదు. అక్కడ సిగ్నల్ లేదు," అన్నాడు ప్రవీణ్. "సింధు ఉందిగా, పిలుచుకొస్తుందిలే అనుకున్నా."

"నువ్వు పిలిచినవు, మీ పడవల ఎక్కిందనుకున్న. అప్పుడు నేను ఒక ముసలామెను పడవ ఎక్కిస్తున్న," అంది సింధు.

ఆ పదకొండు సీజన్లలో నా లెక్క ఎన్నడూ తప్పలేదు. ఆ రోజు కూడా తప్పలేదు. జాబితా పద్నాలుగు, బిళ్లలు పద్నాలుగు, వరుసలో తలలు పద్నాలుగు. అడవిలో ఒక మనిషి ఉంది. నేను బోర్డు దగ్గరికి వెనక్కి పరుగెత్తి బిళ్లలు మళ్లీ లెక్కపెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ చెప్పలేను.

ప్రవీణ్ నా వెనకే వచ్చి, "అంకుల్, దీనివల్ల తన స్టడీ పర్మిట్‌కి ఏమన్నా అవుతుందా?" అన్నాడు.

"ముందు ఆమె బతకాలి," అన్నాను.

అంత మాట అని ఉండకూడదు.

గూళ్ల కాలంలో మోటారు పడవ ప్రాణాపాయానికి తప్ప వాడకూడదు. ఆఫీసుకు రేడియోలో చెప్పి, డేవ్‌నూ దుప్పట్లనూ ఎక్కించుకుని బయల్దేరాను. దారిలో పట్టిక మనసులో తిప్పాను. వేదిక నేల మునిగేసరికి సాయంత్రం ఐదవుతుంది. మేం నాలుగుంబావుకల్లా చేరతాం. ముప్పావుగంట మిగులు ఉంది. ఆ అంకె పట్టుకుని ధైర్యంగానే వెళ్లాను.

వేదిక ఖాళీగా ఉంది. గది తలుపు తెరిచి ఉంది. లోపల సగం తాగిన నీళ్ల సీసా, తడి లేని ఒక జత బూట్లు.

నా పట్టికలో నీళ్లున్నాయి, గంటలున్నాయి. ఒంటరిగా భయపడ్డ మనిషి కూర్చున్న చోటే కూర్చుని ఉండదన్న సంగతి లేదు. మంచు కరిగిన ఆ చల్లటి నీటిలో చేతులు పట్టు వదిలేయడానికి పావుగంట చాలు. డేవ్ మోటారు ఆపేశాడు. కొంగల అరుపుల్లో మనిషి గొంతు వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నేను తెలుగులో అరిచాను. "మౌనికా! అమ్మా, ఎక్కడున్నావ్? ఎవరూ ఏమీ అనరు, పలుకు!"

రెండోసారి అరిచాక, రేవు వైపు ముప్పై అడుగుల దూరంలో ఒక మేపుల్ చెట్టు వెనక నారింజ రంగు కనిపించింది. రొమ్ములోతు నీళ్లలో రెండు చేతులూ మాను చుట్టూ వేసి నిలబడి ఉంది. మేం వెళ్లిపోయామని తెలిశాక గంటసేపు చూసిందట. తర్వాత దూరంగా అడవి బయట ఏదో మోటారు చప్పుడు విని, అది మాదేననీ తనను దాటిపోతుందనీ అనుకుని నీళ్లలోకి దిగిందట. వేళ్లు విడదీయడానికి మా ఇద్దరికీ చాలాసేపు పట్టింది. పడవలోకి లాగి దుప్పటి చుట్టాక ఆమె పెదవులు కదిలాయి. నేను వంగి విన్నాను.

"సారీ అంకుల్. నా పేరు లిస్టులో లేదు."

అంబులెన్సు రేవులో ఉంది. ఆమె రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకుంది.

ఆ సాయంత్రం డేవ్‌ను అడిగాను, తొమ్మిది మందిని చూసి నాకెందుకు చెప్పలేదని. అతను కోపం లేకుండా, లెక్క నీదని నువ్వే కదా చెప్పావు అన్నాడు. వచ్చేటప్పుడు ఆ అమ్మాయి కనబడకపోతే స్నేహితులతో నీ పడవలోకి మారిందనుకున్నానన్నాడు. అది నిజమే. మనుషులను మార్చింది నేను. ఆమె దాక్కున్నది కూడా నేను ఉదయం చదివిన నిబంధనకు భయపడే.

ఘటన నివేదికలో సందర్శకుల సంఖ్య అన్న గడిలో ఉన్న పద్నాలుగు కొట్టేసి పదిహేను అని రాశాను. కారణం అన్న చోట విద్యార్థుల తప్పు ఒక వాక్యంలో, నా పద్ధతిలోని తప్పు మూడు వాక్యాల్లో రాశాను. ఆఫీసు దాన్ని అలాగే ఆమోదించింది.

మోకాళ్లు సహకరించక రిటైరయ్యే దాకా మరో సీజను పనిచేశాను. అందులో రెండు మార్పులు చేశాను. జాబితాలో లేని మనిషి ఎవరైనా ఉంటే రేవులోనే చెప్పమని, ట్రిప్పు రద్దు చేయకుండా ఆ మనిషిని ఆఫీసులో కూర్చోబెడతామని ముందే చెప్పేవాణ్ణి. బయల్దేరే చోటా, వేదిక దగ్గరా నా పడవలో ఎంతమందో చెప్పకుండా, ముందు డేవ్‌ను అతని పడవలో ఎంతమందో అడిగేవాణ్ణి. అతను చెప్పే దాకా తాడు విప్పేవాణ్ణి కాదు.