ఆ కంప్యూటర్ పాడుచేసింది నేను

మునుపు మా బడిలో చేసిన కంప్యూటర్ సారు పోయాడు. సోమవారం పొద్దున పప్పుకు ఎసరు పెడుతుంటే హెడ్మాస్టరు వంటపాక దగ్గరికి వచ్చి చెప్పాడు. పత్తికొండ దగ్గరి బడిలో పాఠం చెబుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. నాకు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. ఇక నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు అక్షరం రాదు, మనవరాలితో రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

బడికి మొదటి కంప్యూటర్ మిషను వచ్చిన రోజు, పిల్లల చేతికిస్తే మిగలదన్నారు పెద్దలంతా. సారు ఒప్పుకోలేదు. "ముట్టుకోకుంటే యాడ వస్తాది?" ఎవరేమన్నా ఆయన జవాబు అదే. ఉండేది ఒక్క మిషను. అందుకని వరండా నాపరాళ్ల మీద సుద్దతో దాని అక్షరాల మీటలన్నీ గీసేవాడు. పిల్లలు వాటి మీద గెంతుతూ తమ పేర్లు తొక్కేవాళ్లు. పేరు తప్పు లేకుండా తొక్కినవాళ్లకే లోపల మిషను.

"అవ్వా, నీ పేరు కూడా తొక్కుదువు రా," అనేవాడు.

"పోప్పా! నా పేరును నేనే తొక్కుకోవాల్నా?"

తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు.

మిషను గది ఊడ్చేది కూడా నేనే గనుక తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఆ ఏడు ఆయుధపూజ నాడు, బడికి సెలవు. ఊళ్లో ట్రాక్టర్లకు, కుట్టుమిషన్లకు పూజ చేస్తున్నారు, పిల్లలకు చదువు చెప్పే మిషను ఏం పాపం చేసిందనుకున్నాను. తడిగుడ్డతో తుడిచాను. పసుపు, కుంకుమ పెట్టాను. టెంకాయ కొట్టి నీళ్లు దాని మీద చల్లాను. సన్నసందుల్లోంచి లోపలికి పోతాయని నాకేం తెలుసు?

సెలవులయ్యాక బడి చూడ్డానికి ఆఫీసరు వచ్చాడు. సారు మీట నొక్కాడు. టప్‌మంది. పొగ.

"ఎవరు చేసినారు ఇది?" ఆఫీసరు అరిచాడు.

నేను గడప దగ్గరే ఉన్నాను. వంటపని పోతుందని తలుపు చాటుకు జరిగాను. సారు మిషను పక్కనంటిన కుంకుమ చూశాడు, నన్ను చూశాడు.

"నేనే సార్. తడిగుడ్డతో తుడిచినా."

తప్పు తనదేనని ఆయన చేత రాయించుకున్నారు. నెల తిరగకముందే బదిలీ చేశారు. పోయే రోజు కాళ్ల మీద పడబోతే పట్టుకున్నాడు. "నర్సింహస్వామి మీద ఎన్ని నీళ్లు పోసినా ఏం కాదవ్వా, ఆయనకు కరెంటు లేదు. దీనికి ఉండాది," అన్నాడు. తర్వాత మెల్లగా, "నిన్ను తీసేస్తే ఈ పిల్లోళ్లకు ఇంత బాగా ఎవరు వండుతారు? ఊరుకో," అన్నాడు.

ఊరుకున్నాను. ఆ పాపం నా ఒక్కదానితో పోలేదు. పోయినేడు కొత్త మిషన్లు రెండు వచ్చాయి. సారు చేతిలో అయినట్టే మళ్లీ అవుతుందని వాటికి గుడ్డ కప్పి తాళం వేశారు. పిల్లలు కిటికీలోంచి చూసి పోతారు.

నిన్న బడిలో సంతాపసభ పెట్టారు. బడి కమిటీ చైర్మన్ లేచి, "సారు శానా మంచోడు. కాకుంటే ఆ మిషను చెడగొట్టి మచ్చ తెచ్చుకున్నాడు," అన్నాడు.

"కూచో అప్పా!" అన్నాను. "చెడగొట్టింది నేను. టెంకాయనీళ్లు చల్లింది నేను. ఆయన నా కోసం అబద్ధమాడినాడు. నన్ను పనిలోంచి తీస్తారా, తీయండి. ఆ గది మాత్రం తెరవండి."

హెడ్మాస్టరు జేబులోంచి తాళంచెవి తీశాడు, కానీ కదల్లేదు. ఎవరూ చెప్పకుండానే నేల మీద కూర్చున్న పిల్లలంతా లేచి నిలబడ్డారు, ఆయన చేతి వైపే చూస్తూ.