బుట్టలో తిరిగిన చింతగింజ

ఎనభైల నాటి ఆ పట్నం ప్రయాణంలో పోయినవి లెక్కేస్తే మూడు. బస్సు మీద కట్టిన సైకిల్ నుంచి గాలిపంపు జారి అడవిలో పడింది. తమ్ముడి తువ్వాలు కిటికీలోంచి ఎగిరిపోయింది. మూడోది నాకు రావలసిన చోటు. వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందాలకు కట్టిన ఏటవాలు సిమెంటు బాట మీద, తొక్కే అవకాశం భద్రాచలం నుంచి ఒక్కరికే దొరికింది. తమ్ముడికి సైకిల్ నేర్పింది నేను. ఎంపికైంది వాడు.

టేకులపల్లిలో ఎక్కిన ఒక ముసలమ్మ వెదురు బుట్టలతో మా పక్కన కూర్చుంది.

"గోడ మీద సైకిల్ తొక్కుతరవ్వా!" అన్నాడు తమ్ముడు గొప్పగా.

"పడరా?"

నేను ఆమె బుట్ట లోపలి అంచు చూపించి, "బాట గిట్లుంటది" అన్నాను. ఆమె ఒడిలోంచి చింతగింజ తీసి, బుట్టలో వేసి గిరగిరా తిప్పింది. గింజ అంచు పట్టుకుని పరుగెత్తింది.

"జోరు మీదున్నంతసేపు పడదన్నట్టు. మరి నువ్వు తొక్కవా బిడ్డా?"

"మా అన్న చుట్లు లెక్కపెడ్తడు" అని తమ్ముడు నవ్వాడు.

"లెక్క ఎవలైనా పెడ్తరు తియ్. నా పేరు మీద ఒక్క చుట్టు తొక్కిరా."

"అవ్, తొక్కుతా" అన్నాను.

అక్కడ జాబితాలో పేరున్నవాడినే బాట మీదికి రానిచ్చారు. తమ్ముడు పన్నెండు చుట్లు తొక్కాడు. ప్రతి మలుపులోనూ వాడు జారాలనే చూశాను. జారలేదు.

"ఎన్నయినయే అన్నా?" అన్నాడు వగరుస్తూ.

"పదకొండు" అన్నాను.

మిగిలిన ఆ ఒక్కటీ ముసలమ్మ పేరున వేద్దామనుకున్నాను. కానీ అది తమ్ముడు తొక్కిన చుట్టు. ఆమెకు నేను తొక్కాల్సింది ఇప్పటికీ అట్లాగే ఉంది, ఒక్క చుట్టు.