రాట్నం తిప్పితేనే వచ్చే ప్రార్థన

మా చిన్నప్పుడు... ధర్మవరంలో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లోనే చర్చి ఆడవాళ్ళ ప్రార్థన కూడిక జరిగేది. ఈతచాప పరిచి, చెంబుతో నీళ్లు పెట్టడం నా పని. ఒకరికొకరు నేర్పుకుంటూ అందరూ కలిసి విశ్వాసంలో ఎదగాలని సంఘపెద్ద పెట్టించిన కూడిక అది. ఎదిగారు... ఎదిగి ఏం చేశారో చెబుతాను.

మా అవ్వకి చదువు రాదు. పొద్దస్తమానం రాట్నం ముందు కూర్చుని మగ్గాలకి దారం కండెలు చుట్టేది. బాప్తిస్మం తీసుకోవాలని ఆమెకి ఒకటే ఆశ. ప్రభువు ప్రార్థన తప్పు లేకుండా అప్పజెబితేనే ఇస్తారు. మూడో తరగతి చదివే నేనే ఆమెకి గురువుని. నేనొక్కో మాట చదివితే, అవ్వ రాట్నం తిప్పుతూ అనేది. నెల తిరిగేసరికి గడగడా వచ్చేసింది.

బాప్తిస్మం ఏట్లో ముంచి ఇస్తారు కాబట్టి, చిత్రావతి ఏటికి నీళ్లొచ్చిన ఏడాదే మా ఊళ్లో బాప్తిస్మాలు. ఆ ఏడు నీళ్లొచ్చాయి. బాప్తిస్మాలకి ముందు ఆదివారం చర్చిలో పరీక్ష పెట్టారు. అవ్వ ఉతికిన చీర కట్టుకుని అందరి ముందు నిలబడింది... మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి ఆమె కుడిచెయ్యి దానంతటదే గాల్లో తిరగడం మొదలుపెట్టింది. అప్పుడు నోట్లోంచి ప్రార్థన వచ్చింది.

కూడిక ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వారం వారం మా చాప మీద కూర్చున్నవాళ్ళే.

"చెయ్యి దించమ్మా. ఇది మందిరం, నీ మగ్గాల కొట్టం కాదు," అన్నాడు సంఘపెద్ద.

అవ్వ చెయ్యి దించింది. ప్రార్థన ఆగిపోయింది. ఈసారికి కాదు, మళ్లీ నేర్చుకుని రమ్మన్నాడు.

ఆ చెయ్యి ఎందుకు తిరుగుతోందో అక్కడ తెలిసింది నాకొక్కదానికే. అయినా నోరు విప్పలేదు. అందరూ నవ్వుతుంటే నాక్కూడా అవ్వని చూసి సిగ్గేసింది... వాళ్ళ మీద ఎంత కోపమో, నా మీదా అంతే కోపం, ఈ వయసులో కూడా.

మళ్లీ ఏరు పారిన ఏడు కబురు పంపారు. అవ్వ కండె చుడుతూనే, "నాకొద్దులే పాపా. ఈడ్నుంచే చెప్పుకుంటాండా కదా," అంది. పోయేదాకా చర్చి మెట్లెక్కలేదు.

ఇప్పుడు చదువు రానివాళ్ళకి ఫోనే బైబిలు వినిపిస్తుంది... మంచిదే. కానీ "ఆ రోజుల్లో సంఘమంటే ఒకే కుటుంబం" అని పొద్దున్నే పోస్టులు పెట్టేవాళ్ళని చూస్తే ఒళ్లు మండుతుంది.

మీ అవ్వల్ని ఎవరైనా అలా వెనక్కి పంపి ఉంటే, కింద వాళ్ళ పేర్లు రాయండి. ఏ సంఘం పుస్తకంలోనూ ఎక్కని పేర్లు...

మా అవ్వ పేరు చెన్నమ్మ.