పల్లికాయ మూటలతో చూసుకున్న జీపు

మా ఇంట్లో బండి కొనాలన్న మాట పుట్టిందే మా అక్క కోసం. ఈ సంగతి ఇప్పుడు మా వాళ్లలో ఎవరినడిగినా ఒప్పుకోరు. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, నా పెద్ద తోటికోడలు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు చచ్చుబడింది. పెళ్లయి వచ్చిన కొత్తలో మోకాలి మీద చెయ్యి ఒత్తిపట్టుకుని ఊరంతా తిరిగేదట. పిల్లలు పుట్టాక నడుం కూడా పట్టేసి, కాలు జానెడు ఎత్తుకు మించి లేవడం మానేసింది. ఒకసారి వనపర్తి బస్టాండులో బస్సు మెట్టు మీదినుంచి వెల్లకిలా పడ్డాక మళ్లీ బస్సెక్కలేదు. పెళ్లయినా జాతరయినా మేమందరం పోయేవాళ్లం. ఆమె బర్రెలకు కాపలాగా ఇంట్లో ఉండేది.

ఆ ఏడు మానవపాడులో అక్క వాళ్ల అన్న కూతురికి పెళ్లి కుదిరింది. వాళ్లలో పెళ్లికూతురికి మొదటి నలుగు మేనత్త పెట్టాలి. ఆ పిల్లకు ఉన్న మేనత్త మా అక్క ఒక్కతే. కబురు విన్న రోజే ఆమె పెట్టె తెరిచి పట్టుచీర తీసి నీడన ఆరేసింది. "ఈసారి నేను పోవాలె చెల్లె" అంది నాతో. నేను కాపురానికి వచ్చినప్పటినుంచి ఆమె నోట 'పోవాలె' అన్న మాట వినడం అదే మొదటిసారి.

మా ఊరు పెద్దమందడి దగ్గర. ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు కోడళ్లు, మా అత్త, ఏటేటా పెరుగుతున్న పిల్లలు. ఒక ఊయల విప్పేలోగా ఇంకొకటి కట్టాల్సి వచ్చేది. కొత్త బండి కొనే తాహతు లేదు. అందరూ పట్టే పాత బండి ఒకటి చూద్దామని, వదినెను కూడా తీసుకుపోవచ్చని అన్నది మా ఆయనే. ఆ పూట ఆయన మీద నాకు చాలా గౌరవం కలిగింది. అది ఎక్కువ రోజులు నిలవలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తమ్ముడి భార్య బావ ఎదుట నిలబడి మాట్లాడకూడదు. చెప్పదలచుకున్నది తలుపు చాటునుంచి మొగుడికి చెప్పాలి, ఆయన అన్నకు చేరవేయాలి. నా కోపం మా ఆయన నోటినుంచి బయటికి వచ్చేసరికి సలహా అయ్యేది. ఆ సలహా అక్క మొగుడి చెవిన, అంటే మా బావ చెవిన, పడేసరికి ఆడవాళ్ల ముచ్చట అయ్యేది. ఇంట్లో సగం మంది ఆడవాళ్లమే. బండిలో కూర్చునేదీ మేమే, పిల్లల్ని ఒళ్లో వేసుకునేదీ మేమే. అయినా బండ్లు చూడటానికి పోయినప్పుడల్లా మగవాళ్లు ముగ్గురూ, ఒక మెకానిక్కూ పోయేవాళ్లు. బానెట్ ఎత్తి చూసేవాళ్లు, టైర్లను కాలితో తన్ని చూసేవాళ్లు. వెనక సీటులో ఒక్కడూ కూర్చుని చూడలేదు.

మొదట నాగర్‌కర్నూలులో ఒక కారు చూసి వచ్చారు. పైన కొత్త రంగు, కింద అంతా తుప్పు. కాళ్ల కింది పట్టా ఎత్తితే రోడ్డు కనబడిందట. దాన్ని వదిలేశారు. ఆ ఒక్క విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి.

తరవాత వనపర్తిలో ఒక వ్యాను అమ్మకానికి ఉందని తెలిసింది. ఆ రోజు అక్కను నడుంనొప్పికి చూపించడానికి ఆటోలో వనపర్తి దవాఖానకు తీసుకుపోయాను. తిరిగి వచ్చేటప్పుడు ఆ వ్యాను పెట్టిన షెడ్డు ముందు ఆటో ఆపించాను. చూడటానికి చాలా మామూలు బండి. డబ్బా లాగా ఉంది. కానీ పక్క తలుపు జరిపితే లోపలి నేల మన ఇంటి గడపంత ఎత్తులో ఉంది. ఎదురెదురుగా సీట్లు, పిల్లలతో కలిపి మా ఇంటిల్లిపాదీ సర్దుకోగలిగినంత చోటు. అక్క నా భుజం పట్టుకోలేదు. తలుపు పట్టుకుని, కుడికాలు పెట్టి, ఎడమకాలిని చేత్తో లోపలికి లాక్కుని తనంతట తానే ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని కొంగు సర్దుకుంది. ఆటోవాడు పోదామని తొందర పెడుతున్నా చాలాసేపు దిగలేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నకు చెప్పాడు. బావ మర్నాడే పోయి విచారించి వచ్చాడు. ఆ వ్యాను అంతకుముందు ఒక ప్రైవేటు దవాఖానలో నడిచిందని, రోగులతోపాటు శవాలను కూడా తోలిందని ఎవరో చెప్పారట. అంతే, ఆ బండి మాట మళ్లీ ఎత్తొద్దన్నాడు. శవాలను మోసిన బండిలో శుభకార్యానికి పోతే పెళ్లివాళ్లు వాకిట్లోకి రానిస్తారా అన్నాడు. కడిగించి, పూజ చేయించి వాడుకుందామని తలుపు చాటునుంచి నేను ఎన్నిసార్లు చెప్పించానో. ఊళ్లో పాముకాటుకు, పురుటికి అదే దవాఖాన వ్యానుకు కబురు పెట్టి, అది రాకపోతే తిట్టుకునే మనుషులే వీళ్లంతా. అప్పుడు గుర్తుకురాని శవాలు ఇప్పుడు గుర్తుకొచ్చాయి.

చివరికి గద్వాలలో విత్తన పత్తి సాగు చేసే ఒకాయన దగ్గర జీపు దొరికింది. పొలానికి కూలీలను తోలిన జీపు. దాన్ని పరీక్షించి చూస్తామని రెండు రోజులకు ఊరికి తెచ్చారు. ఎలా పరీక్షించారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మార్కెట్టుకు తోలడానికి కుట్టిపెట్టిన పల్లికాయ మూటలను ఒకదాని మీద ఒకటి జీపులో వేశారు. గుట్ట దారి ఎక్కించారు, దించారు. ఇంజను ఎక్కడా దగ్గలేదని, ఇన్ని మూటలు పట్టిన బండిలో మన వాళ్లంతా పట్టరా అని మురిసిపోయారు. పంట తోలేవాళ్లకు బండి అంటే ఎన్ని మూటలు పడతాయన్నదే లెక్క. కానీ మూటను ఎవరో ఒకరు ఎత్తి వెయ్యాలి. ఆ జీపు వెనక మెట్టు నా నడుముకు కొంచెం కింద ఉంది. ఇంట్లో ఇంతమంది ఉన్నాం, ఒక్కరైనా అక్కను పిలిచి ఒకసారి ఎక్కి చూడమనలేదు. ఆ మాట నేను చెప్పిస్తే, ముందు కొననియ్యి, తరవాత ఏదైనా ఉపాయం చేద్దామని మా ఆయన నన్నే సముదాయించాడు.

కొన్నారు. నిమ్మకాయలు తొక్కించారు, దండ వేశారు. వెనకాల 'అన్నదమ్ముల బండి' అని రంగులతో రాయించారు. ఆ రాత మాత్రం నిజమే.

నలుగు రోజు పొద్దున్నే జీపు వాకిట్లోకి వచ్చింది. మా అత్త ముందు సీట్లో కూర్చుంది, పిల్లలు వెనక ఎక్కి అరుపులు మొదలుపెట్టారు. నేను కూడా ఎక్కి అక్కకు చెయ్యి అందించడానికి వంగాను. ఆమె పట్టుచీర కట్టుకుని, చేతిలో పసుపు గిన్నె ఉన్న సంచి పట్టుకుని జీపు వెనక నిలబడింది. కాలు ఎత్తి చూసింది. అందలేదు. కడ్డీ పట్టుకుని ఇంకోసారి ఎత్తింది. మోకాలెత్తు పీట తెచ్చి వేశారు. పీట ఎక్కడానికే ఆమెకు ఇద్దరి సాయం కావాల్సి వచ్చింది, దాని మీదినుంచి మెట్టు ఇంకా ఎత్తే. ఇరుగుపొరుగు అరుగుల మీదికి వచ్చి చూస్తున్నారు. తలా ఒక చెయ్యి వేసి ఎత్తుదామని బావ తమ్ముళ్లను పిలిచాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"శవాలను మోసిన బండి వద్దంటిరి. బతికున్న నన్ను శవం లెక్క ఎత్తేస్తరా? దారిల దిగాలన్నా మీరే ఎత్తాలె, మళ్ల ఎక్కాలన్నా మీరే ఎత్తాలె. నేను రాను."

అప్పుడు నేను జీపు దిగి బావ ముందుకు పోయి నిలబడ్డాను. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆయనతో నేరుగా మాట్లాడింది ఆ రోజే. "బావా, ఆటో పిలిపియ్యుర్రి. అక్కను నేను తీస్కపోత. ఎంత పొద్దైనా సరే" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. మా ఆయన వైపు తిరిగి, "ఇంట్ల సొంత బండి పెట్టుకొని నా పెండ్లాం ఆటోల దిగితె, ఆడ నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు.

మా ఆయన వంగి పీట తీసి అరుగు పక్కన పెట్టాడు. నేనే ఊళ్లో ఉన్న ఆటో అతని ఇంటికి పరుగెత్తాను. ఆటో అతను చెప్పులు వేసుకుని బయటికి వచ్చి, మా వాకిలి వైపు చూసి, మీ బావ వద్దంటుంటే నేనెలా వస్తానమ్మా అని మళ్లీ లోపలికి పోయాడు. నేను తిరిగి వచ్చేసరికి జీపు లేదు. అక్క చోటూ నా చోటూ ఖాళీ పోవడమెందుకని పక్కింటి వాళ్లను ఎక్కించుకుని పోయారట. అక్క పట్టుచీర విప్పేసి బర్రెలకు నీళ్లు పెడుతోంది.

పెళ్లయ్యాక మావాళ్లు తిరిగి వచ్చారు. ఆ పూట అన్నాల దగ్గర అంతా జీపు ముచ్చటే. మొదటి నలుగు ఎవరు పెట్టారని అక్క అడిగింది. ఎవరో పిన్ని వరసామె పెట్టిందన్నారు. మేనత్త ఎందుకు రాలేదని అక్కడ అందరూ అడిగారట. ఆమెకే రాబుద్ధి కాలేదని బావ చెప్పాడట. ఎందుకట్లా చెప్పారని అక్క అడిగితే, మరేం చెప్పమంటావని ఆయన ఎదురు అడిగాడు. కాలు సంగతి చెప్పొచ్చు. మెట్టు సంగతి చెప్పొచ్చు. ఆటో వద్దన్న సంగతి చెప్పొచ్చు. అవన్నీ చెబితే తప్పు బండి కొన్నవాళ్లది అవుతుంది కదా.

ఆ తరవాత ఆ పిల్ల తన మొగుడితో వనపర్తి దాకా రెండు మూడుసార్లు వచ్చింది. మా ఇంటి గడప తొక్కలేదు. నలుగు పెట్టడానికి మనసు రాని అత్త ఇంటికి నేనెందుకు పోవాలని అన్నదట. ఆ మాటను మానవపాడునుంచి మోసుకొచ్చింది బావే. జీపు దిగి, కాళ్లు కూడా కడుక్కోకుండా నేరుగా వంటింట్లోకి వచ్చి అక్కకు చెప్పాడు.

"నేను ఆనాడే చెప్పిన. జర సప్పుడు చెయ్యకుంట ఎక్కుంటె అయిపోతుండె గద" అన్నాడు.