ఆరుగురికి ఒకే నాన్న

ఇంటర్వ్యూ అంటే ఎదురుగా ఒక మనిషి ఉంటాడని మా నాన్న అనుకున్నాడు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. నేను దరఖాస్తు పెట్టిన ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు రెండో రౌండులో ఎదురుగా ఉండేది మన మొహమే. ల్యాప్‌టాప్ తెర మీద ప్రశ్న వస్తుంది. ఆలోచించుకోవడానికి ముప్ఫై సెకన్లు. అంకెలు తగ్గుతూ సున్నాకి రాగానే ఎర్ర చుక్క వెలుగుతుంది. ఇక రెండు నిమిషాలు మాట్లాడాలి. ఎవరూ తలూపరు, ఎవరూ ఊఁ కొట్టరు. గడువు అయిపోతే మాట మధ్యలో ఉన్నా సరే, రికార్డింగ్ ఆగిపోతుంది.

దీనికి శిక్షణ ఇచ్చే సెంటర్ ఒకటి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, బట్టల షాపు పైన మూడో అంతస్తులో ఉండేది. హాలును ప్లైవుడ్ చెక్కలతో ఆరు గదులుగా చేశారు. ఒక్కో గదిలో ఒక కుర్చీ, ఒక ల్యాప్‌టాప్, కళ్ళల్లోకి కొట్టే తెల్ల లైటు. నెల రోజులు ఆ గదిలో నాకు నేనే జవాబులు చెప్పుకున్నాను. ఒకరోజు ఇంట్లో అమ్మ, "పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. నేను గోడకేసి చూస్తూ కూర్చుండిపోయి, కాసేపటికి, "దీనికి మూడు కారణాలున్నాయి" అని మొదలుపెట్టాను. అమ్మ నవ్వలేదు. దగ్గరికొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

నాకు ఆ ఉద్యోగం కావాలి. డిగ్రీ అయ్యాక విజయవాడలోనే ఒక చీరల షోరూములో కౌంటర్ వెనక నిలబడ్డాను. పొద్దున్నించీ చీరలు విప్పడం, మళ్ళీ మడతపెట్టడం. డిగ్రీ పూర్తయి రెండేళ్ళు దాటితే ఆ బ్యాంకు దరఖాస్తు తీసుకోదు. నాకు ఆ ఏడాదే ఆఖరిది. తప్పితే జన్మంతా మడతలే.

"మీరు దగ్గర్నుంచి చూసిన నిజాయితీ గురించి చెప్పమంటారు. ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. కథ ఉందా?" అని సెంటర్ సారు అందరినీ అడిగారు. నా దగ్గర ఒకటే ఉంది, అదీ నిజాయితీ తప్పిన కథ.

మాది మంగళగిరిలో నేతపని చేసుకునే ఇల్లు. నేను ఇంటర్ చదువుతుండగా నాన్న ఒక పెళ్ళి చీర నేశాడు. జరీ అంచు పక్కన ఒక పోగు తెగితే చూసుకోకుండా మూరెడు నేసేశాడు. పూర్తయిన చీరను కిటికీ దగ్గర పట్టుకున్నప్పుడు ఆ సన్నటి గీత నాకు కనబడింది. వేలు పెట్టి చూపించాను. నాన్న గీతను చూశాడు, నన్ను చూశాడు. తల తిప్పుకుని, "నువ్వేం చూళ్ళేదు" అన్నాడు. గీత లోపలి మడతలోకి పోయేలా మడతపెట్టి, నూలిచ్చి నేయించుకునే షావుకారుకి ఇచ్చి వచ్చాడు. నాన్న మీద నాకు ప్రేమేం తగ్గలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన చీర మడతపెడుతుంటే అక్కడ నిలబడలేకపోయేదాన్ని.

సారుకి మాత్రం, నాన్నే వెళ్ళి షావుకారు ముందు తప్పు ఒప్పుకుని, ఆ చీర వెనక్కి తెచ్చుకున్నాడని చెప్పాను. నిజాయితీ గురించి అడిగితే అబద్ధం చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

"బాగుందమ్మా. కాకపోతే త్యాగం కొంచెం తక్కువైంది" అన్నారు సారు. "మీవాళ్ళు నెయ్యకుండా ఉండే రోజేదైనా ఉందా?"

"అమావాస్య అండీ. ఆ రోజు మగ్గం ముట్టుకోరు."

"అయితే అమావాస్య రోజే కూర్చుని కొత్త చీర నేసిచ్చారని పెట్టు."

పెట్టాను. మా వీధిలో ఒళ్ళు కాలిపోతున్నా నేస్తారు గానీ, అమావాస్య నాడు మగ్గం గుంటలో కాలు పెట్టరు. ఆ సంగతి బ్యాంకు వాళ్ళకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

అసలు రికార్డింగ్ కూడా ఆ సెంటర్‌లోనే, ఇంటి దగ్గర ఇంటర్నెట్‌ను నమ్మలేమని. ఆరుగురం పదకొండింటికి ఒకేసారి మొదలుపెట్టాలి. ఆ రోజు నిజంగానే అమావాస్య. మగ్గానికి సెలవు కదా అని నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో బస్సెక్కాడు. గదుల బయట బల్ల మీద మిగతా పిల్లల అమ్మానాన్నల పక్కన కూర్చున్నాడు. నేను లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాను.

మొదటి రెండు ప్రశ్నలూ బాగానే గడిచాయి, నేను మాత్రం మిగతావాళ్ళకన్నా కాస్త వెనకబడ్డాను. మూడోది నిజాయితీదే. ముప్ఫై, ఇరవై తొమ్మిది అని అంకెలు దిగుతున్నాయి. ఎడమ పక్క చెక్క వెనకనుంచి ఒక అబ్బాయి గొంతు ఇంగ్లీషులో వినిపించింది. మా నాన్న మంగళగిరిలో నేతగాడు, అంటున్నాడు. ఆ అబ్బాయి నాకు తెలుసు. వాళ్ళది కొల్లేరు పక్క ఊరు, ఇంటిల్లిపాదీ చేపల మీదే బతుకుతారు. చేపల వేటకెళ్ళే వాళ్ళ నాన్న ఆ క్షణాన బయట మా నాన్న పక్కనే కూర్చుని ఉన్నాడు.

తర్వాత కుడి పక్క నుంచి ఒక అమ్మాయి. ఆ వెనక ఇంకో గొంతు, అవతల మరొకటి. ఒకరు పోగు తెగిన దగ్గరున్నారు, ఇంకొకరు షావుకారు గుమ్మం దగ్గరకొచ్చేశారు. అంతా మా నాన్నే. అయిదు గదుల్లో మా నాన్న అయిదుసార్లు మగ్గం దిగి తప్పు ఒప్పుకోవడానికి వెళుతున్నాడు. అమావాస్య అనే చోట కుడి పక్క అమ్మాయి గొంతు జీరబోయింది. సరిగ్గా అక్కడే జీరబోవాలని సారు నాకూ నేర్పారు.

ఎర్ర చుక్క వెలిగింది. తెర మీద నా మొహం నా వైపే చూస్తోంది. అసలు జరిగింది చెప్పేద్దామా అనిపించింది. ఆ ఆరు గదుల్లో అది నా ఒక్కదాని దగ్గరే ఉంది. చెబితే నాన్న దొంగవుతాడు. చెప్పకపోతే నేను ఆరోదాన్నవుతాను. మా నాన్న మంగళగిరిలో నేతగాడు అని మొదలుపెట్టాను. నేను అనబోయే ప్రతి మాటా ముందే గోడ అవతల వినబడుతోంది. నేర్పినవాటిలో గొంతు జీరబోవడం ఒక్కటే నేను చెయ్యనిది.

బయటికొచ్చేసరికి సారు మా నాన్న ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. "ఇలాంటి తండ్రులుండాలండీ" అని మిగతా పెద్దవాళ్ళకి తెలుగులో చెబుతున్నారు. "తప్పు తనే వెళ్ళి చెప్పుకుని, అమావాస్య అని కూడా చూడకుండా కొత్త చీర నేసిచ్చారు." అమావాస్య సంగతి తనే పెట్టించానన్నది ఆయనకి గుర్తే లేనట్టుంది. అందరూ నాన్నను గౌరవంగా చూస్తున్నారు. నాన్న నన్ను చూశాడు. ఆయన కాదంటాడని నేను ఎదురుచూశాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను.

"మా అమ్మాయి చెప్పిందాండీ?" అన్నాడు.

"మీ అమ్మాయే చెప్పిందండీ."

"అయితే సరేనండీ" అన్నాడు నాన్న.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్కటే అడిగాడు. "ఆ గదుల్లోంచి మంగళగిరి, మంగళగిరి అని వినపడింది. ఆ పిల్లలంతా మనూరోళ్ళేనా?"

"కాదు నాన్నా" అన్నాను.

ఆఖరి రౌండులో మనుషులే మాట్లాడారు. ఇద్దరున్నారు. నాన్నగారి సంగతి మళ్ళీ చెప్పమని వాళ్ళే అడిగారు. ఈసారి ఎక్కడ ఆగాలో, ఎక్కడ తలదించాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఉద్యోగం వచ్చింది. ఆరుగురిలో ఇద్దరికి వచ్చింది, రెండోది ఆ కొల్లేరు అబ్బాయికి. హైదరాబాదు ఆఫీసులో ఇద్దరిదీ ఒకే అంతస్తు. లిఫ్టులో ఎదురైతే, "నాన్న ఎలా ఉన్నారు?" అని అడుగుతాడు. బాగున్నారని చెబుతాను. అతన్ని మాత్రం ఆ మాట ఇంతవరకూ తిరిగి అడగలేకపోయాను.

మొన్న సెలవు పెట్టి ఇంటికి వెళ్ళినప్పుడు చీరలు కొనుక్కోవడానికి ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. టీ గ్లాసులతో గుమ్మం దాకా వచ్చేసరికి నాన్న మాటలు వినబడ్డాయి. "ఒక పోగు తెగిందండి. నేనే ఎల్లి షావుకారుతో చెప్పాను. అమావాస్య అయినా మగ్గం మీద కూర్చుని కొత్తది నేసిచ్చాను." వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఈ కథ ఆయన ఎప్పట్నుంచి చెబుతున్నాడో నాకు తెలియదు. అబద్ధం చెప్పేటప్పుడు మా నాన్న ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడలేడు. ఇప్పుడు సూటిగా చూస్తున్నాడు. నాకు భయం వేసింది.

అప్పుడు నా వైపు తిరిగాడు. "నువ్వూ అక్కడే ఉన్నావుగా అమ్మా?"

బతిమాలుతున్నట్టు లేదు, పరీక్షిస్తున్నట్టూ లేదు. మామూలుగా అడిగాడు.

"ఉన్నాను నాన్నా" అన్నాను.

వాళ్ళలో పెద్దావిడ గ్లాసు అందుకుంటూ, మరి అప్పుడు షావుకారు ఏమన్నాడమ్మా అని నన్ను అడిగింది. నాన్న కూడా వినడానికి నా వైపే చూస్తున్నాడు. షావుకారు ఏమన్నాడో చెప్పాను.