నాన్న స్టూడియోలో లావు పుస్తకం

పాత అట్టల వాసన వేసే పెట్టెలో నిన్న నా చిన్ననాటి ఫొటో దొరికింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాన్న ఫొటో స్టూడియో నడిపేవాడు. ఫొటో దిగేవాళ్ల చేతికి ఎర్ర అట్ట వేసిన లావు పుస్తకం ఒకటి ఇచ్చేవాడు, చదువుకున్న కళ వస్తుందని. మలక్‌పేట నుంచి మీర్‌పేట్ దాకా పెళ్లిచూపుల ఫొటోలన్నిటిలో అదే పుస్తకం. ఇంతమంది చదివారంటే అంతకంటే గొప్ప పుస్తకం ఉండదనుకున్నాను.

మూడో తరగతి సెలవుల్లో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ దాన్ని మొదలుపెట్టాను. ఎంతకీ కథ రాలేదు. పేజీల నిండా పేర్లు, వీధులు, అంకెలు. అయినా వదల్లేదు. మూసారాంబాగ్‌లో ఎందరు డాక్టర్లున్నారో ఇంటిల్లిపాదికీ చెప్పేదాన్ని.

పుట్టినరోజున నాన్న నన్నూ ఆ పుస్తకంతో కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇటు చూడు బిడ్డా."

"జర ఆగు నాన్నా, గీ పేజీ అయిపోనీ."

తల ఎత్తకముందే ఫొటో తీసేశాడు. దాన్ని షోకేసులో పెళ్లికూతుళ్ల మధ్య పెట్టాడు.

అది పాత టెలిఫోన్ డైరెక్టరీ అని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. నాన్నకు మొదటి నుంచీ తెలుసు. అయినా, పాప కెమెరా వైపు చూడలేదేమని ఎవరడిగినా ఒకటే మాట చెప్పేవాడు.

"గా పుస్తకం అందరు పట్టుకున్నోళ్లే. చదివింది మా బిడ్డొక్కతే."